సన్నాయి కావాలి, సాహెబు వద్దు!

ప్రతి ఏటా గణతంత్ర దినోత్సవానికి ముందురోజు పద్మ పురస్కారాల జాబితా వెలువడుతుంది. అందులో ఒక ముస్లిం సన్నాయి విద్వాంసుని పేరు ఉన్నదంటే మరునాడు పత్రికలకు పండుగే. ‘మతసామరస్యానికి నిలువెత్తు నిదర్శనం’ అన్న శీర్షిక ముందే సిద్ధంగా ఉంటుంది. కింద పేరు మార్చుకోవడమే తరువాయి. షేక్ చినమౌలానాకు 1977లో, కాలీషాబీ, షేక్ మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో, గోసవీడు షేక్ హసన్ సాహెబుకు మరణానంతరం 2022లో పద్మశ్రీ లభించింది. లభించిన ప్రతిసారీ మనమూ సంతోషించాము. సభలు పెట్టాము, శాలువాలు కప్పాము, ఉపన్యాసాలు విన్నాము.

నిదర్శనాలకు అద్దెగది అక్కరలేదు. అవి అన్నం తినవు, అడ్వాన్సు కట్టవు, తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి సాధన చేయవు. ఆ పనులన్నీ మనుషులకే ఉంటాయి. నేడు సన్నాయి పట్టుకొని, వయొలిన్ పెట్టె భుజాన వేసుకొని, లేదా ఉత్త గొంతు ఒక్కటే ఆస్తిగా తెచ్చుకొని, సంగీతంలో ఎం.ఎ. చదవడానికి హైదరాబాదు బస్సు దిగుతున్న ముస్లిం విద్యార్థికి ఈ నగరంలో తల దాచుకొనే చోటు, సాధన చేసుకొనే చోటు దొరుకుతున్నవా? దొరకడం లేదని నేను కళ్ళారా చూసి చెబుతున్నాను. ఆ తలుపులు మూసిన చేతులలో కొన్ని ఇరుగుపొరుగువారివి, కొన్ని ప్రభుత్వానివి. కొన్ని మాత్రం మనవే. మూడింటినీ ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. మూడవది చదివి కోపగించుకొనేవారు మొదటి రెండు కూడా చదివిన తరువాతనే కోపగించుకోవలసిందిగా మనవి.

ముందుగా ఒక సంగతి. సంగీత విద్యార్థి అవసరాలు తక్కిన విద్యార్థుల అవసరాల వంటివి కావు. కోచింగు కోసం అమీర్‌పేట వచ్చే కుర్రవాడికి ఒక మంచం, ఒక ప్లగ్గు, ఇంటర్నెట్టు ఉంటే సరిపోతుంది. నలుగురున్న గదిలో కూడా చెవులలో ఏదో ఒకటి పెట్టుకొని చదువుకోగలడు. సంగీతం చదివేవాడు చదువుతున్నట్టు ఊరంతటికీ తెలుస్తుంది. గాత్ర విద్యార్థి అకార సాధన మొదలుపెడితే పక్కగది నిద్ర లేస్తుంది. సన్నాయి అయితే చెప్పనే అక్కరలేదు. గుడి ప్రాకారం దాటి, ఊరేగింపు దాటి, వీధి చివరి వరకు వినబడడానికి పుట్టిన వాద్యం అది. దానిని మెల్లగా వాయించడం ఎవరి తరమూ కాదు. రోజుకు మూడు నాలుగు గంటల సాధన లేకుంటే ఊపిరి పట్టు తప్పుతుంది, పెదవి పట్టు తప్పుతుంది. నెల తిరిగేసరికి పిల్లవాడు చేరిననాటికన్నా వెనుకబడి ఉంటాడు. తరగతిలో గురువు చెప్పే గంట చదువులో పావు వంతే. తక్కిన ముప్పాతిక గదిలో జరగాలి. ఆ గది లేకపోతే ఫీజు కట్టినా, హాజరు పడినా అతడు చదువుకుంటున్నట్టు కాదు.

పోయిన విద్యా సంవత్సరం ఆరంభంలో మా ప్రాంతపు దూదేకుల కుటుంబానికి చెందిన ఒక యువకుడు నగరానికి వచ్చాడు. తండ్రి, తాత పెళ్ళిళ్ళకు మేళం వాయించి బతికినవారు. ఆ ఇంట్లో డిగ్రీ చూసిన మొదటివాడు ఇతడే. నన్ను చాచా అని పిలుస్తాడు. కాగితాల పని తెలిసినవాడినని, పదవీ విరమణ తరువాత తీరికగా ఉన్నవాడినని, గది వెదకడానికి నన్ను వెంట తీసుకువెళ్ళాడు. తొమ్మిది రోజులు తిరిగాము.

ఫోనులో అన్ని గదులూ ఖాళీగానే ఉంటాయి. మా దిక్కున సైదులు అన్న పేరు హిందువులలోనూ ఉన్నది, ముస్లింలలోనూ ఉన్నది. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకొని పుట్టిన బిడ్డలకు పెట్టుకొనే పేరు అది. మస్తాన్, హుస్సేనయ్య, నాగులు, ఇవన్నీ అటువంటివే. ఈ అబ్బాయి పేరు కూడా ఆ కోవలోనిదే. ఫోనులో పేరు చెప్పినప్పుడు ఎవరికీ అనుమానం కలగలేదు. మెట్లెక్కి ఆధార్ కార్డు చూపిన తరువాత, ఇంటిపేరు స్థానంలో ‘షేక్’ అని చూసిన తరువాత, ఆ గది అకస్మాత్తుగా మేనల్లుడికి కేటాయింపబడేది. ఒక ఇంటి యజమానురాలు మాత్రం మర్యాదగా నిజమే చెప్పారు: “పెద్దాయనా, మీరు మంచివారే. కింద వాటాలో ఉన్నవాళ్ళు ఒప్పుకోరు.” కింద వాటావారిని అడిగితే పైవారు ఒప్పుకోరనేవారేమో! ఎవరూ స్వయంగా దోషి కారు. ఒప్పుకోనివారు ఎప్పుడూ పక్కింట్లోనే ఉంటారు.

శబ్దం మాటకు నేను విలువ ఇస్తాను. అద్దెకు ఇచ్చేవారికి రాత్రి నిద్రపోయే హక్కున్నది. నివాస ప్రాంతాలలో పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45 డెసిబెల్సు దాటరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నవి. “అబ్బాయీ, నీ వాద్యం మాకు కుదరదు” అని ఎవరైనా అంటే తలవంచి మెట్లు దిగుతాను. మేము ఎక్కిన మెట్లలో అధికభాగం వాద్యం ప్రస్తావన రాకమునుపే దిగవలసి వచ్చింది. అబ్బాయి భుజాన ఉన్న పొడుగాటి సంచిలో ఏమున్నదని అడిగినవారే తక్కువ. పేరు అడిగారు, కార్డు అడిగారు, అంతటితో సరి.

తరువాతి సాకు మాంసం. ఇది విన్నప్పుడు నాకు కోపం కన్నా నవ్వు ఎక్కువ వస్తుంది. 2014 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు దాటినవారిలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులు. దేశంలో మనదే ప్రథమ స్థానం. ఆదివారం ఉదయం ఏ వీధిలోనైనా కోడిమాంసం కొట్టు ముందున్న వరుసను చూస్తే సర్వే అక్కరలేదు. నిజంగా శాకాహారులైన ఇంటివారు కోరితే ఆ నియమం ఎవరికైనా పెట్టవచ్చును, ఈ అబ్బాయీ పాటిస్తానన్నాడు. నియమం పేరును బట్టి అమలవుతున్నప్పుడు దానిని ఆహార నియమం అనడం కుదరదు.

ఇది ఒక్క కుర్రవాడి గోడు అయితే పత్రికకు ఎక్కించనక్కర లేదు. ముస్లింలకు ఇళ్ళు అద్దెకు దొరకడం లేదన్న సంగతిని 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదిక రాసింది. వివక్షపై ఫిర్యాదులు వినడానికి సమాన అవకాశాల కమిషన్ ఒకటి ఉండాలని సిఫారసు చేసింది. దాదాపు ఇరవై ఏళ్ళు గడిచినవి. ఆ కమిషన్ చట్టరూపం దాల్చలేదు. నేను సర్కారు కొలువులో గుమాస్తాగా పనిచేసినవాడిని. ఒక దస్త్రం ఎంతకాలం బల్లమీద పడుకోగలదో నాకు బాగా తెలుసు. అయితే ఈ దస్త్రం నిద్ర మామూలు నిద్ర కాదు.

చట్టం ఏమీ చేయలేదని కొందరు పెద్దమనుషులు చెబుతుంటారు. ఇల్లు ప్రైవేటు ఆస్తి, యజమాని ఇష్టం, రాజ్యాంగంలోని 15వ అధికరణం ప్రభుత్వాన్నే కట్టడి చేస్తుంది అని వారి వాదన. సగం నిజం. 2005లో అహ్మదాబాదు పార్సీల గృహనిర్మాణ సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమ మతస్థులకే పరిమితం చేసుకొనే నియమాన్ని సుప్రీంకోర్టు ఆమోదించింది కూడా. మిగిలిన సగం 15వ అధికరణంలోని రెండవ క్లాజులో ఉన్నది. దుకాణాలు, హోటళ్ళు, ప్రజా వినోద స్థలాలలో ప్రవేశాన్ని మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఎవరూ అడ్డుకోరాదని అది చెబుతున్నది. ‘ఎవరూ’ అంటే ప్రభుత్వమే కాదు, ప్రైవేటు వ్యక్తులు కూడా. 2011లో భారత వైద్య సంఘం కేసులో సుప్రీంకోర్టు ‘దుకాణం’ అన్న మాటను విశాలార్థంలో తీసుకొని, ప్రజలకు సేవలు అమ్మే ప్రతి సంస్థకూ దానిని విస్తరింపజేసింది. నెలకు ఇంత అని రుసుము పెట్టి, గోడల మీద ప్రకటనలు అంటించి, వందలమంది విద్యార్థులకు మంచాలు అమ్ముకొనే ప్రైవేటు హాస్టలు సేవలు అమ్మే సంస్థ కాదా? స్వంత ఇంటి పై వాటా వేరు, వంద మంచాల వ్యాపారం వేరు. మేము తిరిగిన తొమ్మిది రోజులలో మూడు ప్రైవేటు హాస్టళ్ళు ఈ అబ్బాయిని కార్డు చూసి తిప్పి పంపినవి. వాటికి లైసెన్సు ఇచ్చేది, పన్ను వసూలు చేసేది నగరపాలక యంత్రాంగం. మతం పేరిట, కులం పేరిట ప్రవేశం నిరాకరిస్తే లైసెన్సు రద్దు అన్న ఒక్క వాక్యం ఆ లైసెన్సు షరతులలో చేర్చడానికి పార్లమెంటు అక్కరలేదు. ఇది దళిత విద్యార్థులకు కూడా పనికివచ్చే వాక్యం. ఇల్లు అడిగినప్పుడు ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్న వారికి మనకన్నా పాతది.

ఇక ప్రభుత్వ సహాయం. దూదేకులవారు బీసీ-బి జాబితాలో ఉన్నారు, మతరీత్యా మైనారిటీలు. రెండు శాఖలున్నందుకు రెండింతల మేలు జరగాలి. జరిగేదేమిటంటే, ఒక కార్యాలయంలో “మీరు బీసీ సంక్షేమానికి వెళ్ళండి” అంటారు, అక్కడికి వెళితే “మైనారిటీవారు కదా, అక్కడ అడిగారా?” అంటారు. ఆదాయ ధ్రువపత్రం మరొక కథ. గ్రామంలో ఏడాదికి 1,50,000, పట్టణంలో 2,00,000 రూపాయల లోపు ఆదాయం ఉండాలి. పెళ్ళి ముహూర్తాలున్న నెలలో మేళగాడికి నాలుగు డబ్బులు కనబడతాయి, శూన్యమాసంలో పొయ్యి వెలగదు. ఆ లెక్కను ఏ గడిలో రాయాలో ఆ ఫారంలో లేదు. ఉపకారవేతనం మంజూరైనా చేతికి వచ్చేది నెలల తరువాత, ఒక్కొక్కప్పుడు చదువు ముగిసిన తరువాత. ఈలోగా అద్దె కట్టడానికి అబ్బాయి శ్రావణంలో, మాఘంలో పెళ్ళిళ్ళకు వాయించక తప్పదు. వాయిస్తే హాజరు పోతుంది. హాజరు నూటికి 75 దాటకపోతే ఉపకారవేతనం పోతుంది. సంగీత విద్యార్థి కచేరీకి వెళ్ళి వాయించి వస్తే దానిని గైరుహాజరుగా లెక్కవేయడం ఎంత వింతగా ఉన్నదో ఈ నియమం రాసినవారికి తోచలేదు. వైద్య విద్యార్థి ఆసుపత్రిలో గడిపిన పగటిని ఎవరూ సెలవుగా రాయరు కదా!

ఎం.ఎ. ముగించి పరిశోధన చేద్దామన్నా, అక్కడ తలుపు ముందే మూశారు. 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఆపివేసింది. ఇతర పథకాలు ఉన్నవి కనుక ఇది అక్కరలేదట. ఆ ఇతర పథకాలలో మన పిల్లలు ఎందరు నెగ్గుతున్నారో చెప్పవలసిన బాధ్యత, ఆపివేసినవారిదే. సన్నాయి వాయించే ముస్లిం కుటుంబాల చరిత్రను, చిలకలూరిపేట ఆదం సాహెబు వంటి గురువుల బాణీని ఆ కుటుంబాలలో పుట్టిన పిల్లలే పరిశోధించి రాయవలసి ఉన్నది. లేకుంటే రేపు దానిని కూడా ఎవరో వచ్చి ‘మతసామరస్యం’ అన్న ఒక్క మాటలో రాసి ముగిస్తారు.

ఇంతవరకు చదివి తలలూపిన సోదరులారా, ఇకపైన కూడా చదవండి.

పదవనాటికి గది దొరికింది. మనవారి బస్తీలోనే, మనవారి ఇంటిలోనే. అద్దె న్యాయంగానే ఉన్నది. యజమాని అబ్బాయికి తొలిరోజు భోజనం కూడా పెట్టాడు. సాధన వేళలు ముందే మాట్లాడుకున్నాము: ఉదయం ఏడు నుండి తొమ్మిది, సాయంత్రం అసర్ నమాజు తరువాత మగ్రిబ్ వేళకు ముందు వరకు. అజాను సమయంలో వాద్యం ముట్టనని అబ్బాయే తనంత తానుగా అన్నాడు. అయిదవ రోజున నలుగురు పెద్దలు వచ్చారు. శబ్దం మాట ఎత్తలేదు. “భాయీ సాబ్, ఇది గుళ్ళలో వాయించే బాజా. మన మహల్లాలో ఇది బాగుండదు. పిల్లవాడిని ఏదైనా పనికివచ్చే చదువులో పెట్టండి” అన్నారు. యజమాని తలవంచుకున్నాడు. వారం తిరగకముందే గది ఖాళీ.

ఒక వీధిలో అతడు ముస్లిం అయినందుకు గది ఇవ్వలేదు. మరొక వీధిలో, ముస్లిం అయి ఉండి సన్నాయి వాయించినందుకు గది తీసుకున్నారు. ఈ రెండు వీధుల మధ్య ఆ అబ్బాయి ఎక్కడ నిలబడాలి?

సంగీతం ధర్మసమ్మతమా కాదా అన్న వివాదాన్ని నేను తీర్చజాలను. నేను ఆలిమ్‌ను కాను. వాద్యాలను నిషిద్ధమన్న ఉలమాలు ఉన్నారు, వారి పాండిత్యాన్ని గౌరవిస్తాను. అయితే వివాదం ఉన్నదని, అది ఏకపక్షంగా ఏనాడూ ముగియలేదని కూడా తెలుసుకోవాలి. ఈద్ రోజున హజ్రత్ ఆయిషా ఇంటిలో ఇద్దరు బాలికలు డఫ్ వాయిస్తూ పాడుతుంటే హజ్రత్ అబూబకర్ మందలించబోగా దైవప్రవక్త వారిని వదలివేయమన్న సంగతి హదీసు గ్రంథాలలో ఉన్నది. డఫ్ వేరు, సన్నాయి వేరు అంటారా? అనండి, అది చర్చ. ఇమామ్ గజాలీ తన ‘ఇహ్యా ఉలూముద్దీన్’లో సమా గురించి ఒక ప్రత్యేక భాగమే రాసి, షరతులతో దానిని సమర్థించారు. ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియాపై ఇదే విషయమై గియాసుద్దీన్ తుగ్లక్ దర్బారులో విచారణ నడిచింది. ఏడు శతాబ్దాలుగా పెద్దలు తేల్చుకోని ప్రశ్నను అయిదు రోజులలో నలుగురు తేల్చివేసి, ఇరవై రెండేళ్ళ పిల్లవాడి సామాను వీధిన పెట్టించడం ఏ షరీఅతు? ఒకవేళ అతడు పొరపాటు దారిలో ఉన్నాడనే అనుకుందాము. ప్రయాణికునికి, పరదేశికి, విద్యార్థికి ఆశ్రయం ఇవ్వమన్న ఆదేశంలో ‘ఏ శాఖ విద్యార్థి’ అన్న గడి ఉన్నదా?

మరొక సంగతి కూడా అడుగుతాను. ఈ మహల్లాలోనే పెళ్ళి బరాతుకు మర్ఫా మోగుతుంది. అర్ధరాత్రి దాటినా మోగుతుంది. అప్పుడు ఆ నలుగురూ ఎక్కడ ఉంటారు? బరాతు ముందు వరుసలోనే ఉంటారు. డబ్బున్న ఇంటి బాజా ఉత్సవం, పేద దూదేకులవాడి బాజా గునాహ్. ఈ తేడాకు ధర్మశాస్త్రంతో పని లేదు. ‘వాళ్ళు దూదేకులవాళ్ళు, సగం ముస్లింలు’ అని మన అగ్రకుల ముస్లింలు తరతరాలుగా అనుకుంటున్న మాట ఇది. పైన ఫత్వా షేర్వానీ తొడుక్కొని వచ్చింది. పస్మాందా ముస్లింల గురించి ఈ పత్రికలో ఎన్నో వ్యాసాలు చదివాము. ఆ వ్యాసాల అర్థం ఆ ఇంటి గుమ్మం ముందు నాకు కంటికి కనబడింది.

విద్యా సహాయానికి మన ట్రస్టులు ఉన్నవి. వైద్యం, ఇంజనీరింగు అంటే చెక్కు రాస్తారు, చాలా మంచి పని. సంగీతం అని దరఖాస్తులో చూసి ఒక కార్యదర్శి నవ్వాడు. ఆ నవ్వు ఆ అబ్బాయి మనసులో ఎంత లోతుగా దిగిందో, దారిలో అతడు ఏమీ మాట్లాడకపోవడం వలన నాకు తెలిసింది. ఇక సంగీతం చదవదలచిన మన అమ్మాయిల మాట ఏమని రాయను! కాలీషాబీ సన్నాయి చేతబట్టి కచేరీ వేదిక ఎక్కారు, పద్మశ్రీ దాకా వెళ్ళారు. నేడు అటువంటి అమ్మాయి ఒకరు ఈ నగరానికి ఒంటరిగా వస్తే పై రెండు వీధులకు తోడు మూడవ వీధి కూడా మూసి ఉంటుంది. రవీంద్రభారతిలోనో, త్యాగరాయ గానసభలోనో కచేరీ విని రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చే అమ్మాయికి ఏ హాస్టలు గేటు తీస్తుంది? కచేరీలు వినకుండా సంగీతం చదవడం ఈత కొలను చూడకుండా ఈత నేర్చుకోవడమే.

పూర్వం మాత్రం పరిస్థితి ఏమంత బాగున్నది అనవచ్చును. గతమంతా బంగారమని నేను అనను. కాని కొన్ని వాస్తవాలు ఉన్నవి. బీహారులోని డుమ్రావ్‌లో పుట్టిన బిస్మిల్లాఖాన్ చిన్ననాడే కాశీ చేరారు. అదీ పరాయి నగరమే. మేనమామ అలీబక్ష్ విశ్వనాథాలయంలో షెహనాయి వాయించేవారు. బాలుడు ఏళ్ళ తరబడి సాధన చేసింది గంగ ఒడ్డున బాలాజీ మందిరంలో. అయిదు పూటలా నమాజు చేసే ఇంటి పిల్లవాడికి ఆ గుడివారు చోటిచ్చారు, ఆ ఇంటివారు పంపించారు. అక్కడి నుండి వచ్చినవారే 1947లో ఎర్రకోటలో స్వాతంత్ర్య వేళ షెహనాయి వాయించారు, 2001లో భారతరత్న అందుకున్నారు. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన చినమౌలానా ఆదం సాహెబు వద్ద నేర్చుకొని, తంజావూరు బాణీ కోసం తమిళ దేశం వెళ్ళి నాచ్చియార్‌కోవిల్ విద్వాంసుల వద్ద శిష్యరికం చేశారు. చివరకు శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. భాష వేరు, ఊరు వేరు, మతం వేరు. గురువులు ఇంటిలోకి రానిచ్చారు. ఆ శ్రీరంగంలోనే ఆయన సంగీతాశ్రమం నడిపి మరికొందరికి చోటు కల్పించారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది.

మన హైదరాబాదు సంగతే చూడండి. దేశవిభజన తరువాత పాకిస్తాను వెళ్ళి తిరిగి వచ్చిన ఉస్తాద్ బడే గులాం అలీఖాన్‌కు 1957లో మొరార్జీ దేశాయ్ చొరవతో భారత పౌరసత్వమూ, బొంబాయిలో నివాసమూ లభించినవి. చివరి రోజులలో ఆయనను ఆదరించింది ఈ నగరమే. 1968లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు, దాయిరా మీర్ మోమిన్‌లో విశ్రమిస్తున్నారు. పేరు చూసి ఇల్లు లేదనని నాయకులు, సంగీతం అని తలుపు వేయని నవాబులు ఒకప్పుడు ఉండేవారన్నమాట. ఖవ్వాలీలో అజీజ్ అహ్మద్‌ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మనుమలు ఇప్పటికీ పాడుతున్నారు. నాంపల్లి దర్గాలో ఖవ్వాలీ విని కన్నీరు పెట్టుకొనేవారిలో, మర్నాడు సన్నాయి కుర్రవాడిని ఖాళీ చేయించే పెద్దలు కూడా ఉంటారు. ఆశ్చర్యం ఏమీ లేదు. మనిషి అలవాటుపడిన పాట మనిషికి హలాలే.

చదువు పూర్తి చేసిన తరువాత ఉద్యోగం ఎక్కడ? హసన్ సాహెబు భద్రాచలం రామాలయంలో ఆస్థాన విద్వాంసునిగా స్వామి సేవలో సన్నాయి వినిపించారు. నేడు తిరుమల తిరుపతి దేవస్థానాల ఉద్యోగాలకు హిందువులే అర్హులన్న నియమం ఉన్నది. ఆలయాలు తమ సిబ్బందిని ఎలా ఎంచుకోవాలన్న దానిలో నేను తలదూర్చను. మన వక్ఫ్ వ్యవహారాలలో ఇతరులు తలదూరిస్తే మనకు ఎలా ఉంటుందో మనకు తెలుసు. కాని సన్నాయి జీవనాధారంగా ఉన్న కుటుంబాలకు ఆ దారి మూసుకుపోయినప్పుడు మరొక దారి తెరవవలసిన బాధ్యత ప్రభుత్వానిదే. రెండు తెలుగు రాష్ట్రాలలో మైనారిటీ గురుకులాలు, బీసీ గురుకులాలు ఉన్నవి. వాటిలో సంగీత ఉపాధ్యాయుల పోస్టులు మంజూరు చేయండి. సంగీతంలో ఎం.ఎ. చేసిన ముస్లిం యువకుడు మైనారిటీ గురుకులంలో పాఠం చెబుతుంటే, పైన చెప్పిన నలుగురు పెద్దల మనుమలు కూడా విని నేర్చుకుంటారు.

విశ్వవిద్యాలయాల వారికి ఒక మనవి. సంగీత శాఖ విద్యార్థులకు హాస్టలు సీటు ముందుగా ఇవ్వండి. బయట గది దొరికినా సాధన దొరకదు కనుక. సాయంత్రం అయిదు గంటలకు శాఖకు తాళం వేసి పోకండి. ఖాళీ తరగతి గదులను ఉదయం అయిదు నుండి, రాత్రి తొమ్మిది వరకు విద్యార్థుల సాధనకు వదలండి. కొత్త భవనం అడగడం లేదు, ఒక కాపలాదారును, ఒక విద్యుద్దీపాన్ని అడుగుతున్నాము. విద్యార్థి కచేరీకి వెళితే ఆ ఆహ్వానపత్రాన్ని చూసి హాజరు వేయండి.

ఆ అబ్బాయి ఇప్పుడు నగరం వెలుపల, రింగురోడ్డు దాటి, కట్టడం సగంలో ఆగిన ఒక ఇంటిలో కాపలాదారు పక్కన ఉంటున్నాడు. సాధనకు అడ్డు లేదు, వినేవారు లేరు. తరగతికి రెండు బస్సులు మారాలి, రానూపోనూ మూడున్నర గంటలు. మొదటి సెమిస్టరు నెగ్గాడు. రెండవది ఇంకా తెలియదు.

వచ్చే జూన్‌లో అటువంటివారు మరికొందరు వస్తారు. వారి కోసం మన మహల్లా కమిటీలను అడిగేది పెద్ద కోరిక కాదు. వక్ఫ్ ఆస్తులలో, షాదీఖానాలలో ఏడాదిలో సగం రోజులు తాళం వేసి ఉన్న గదులు ఉన్నవి. అందులో ఒకటి, పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉంటే చాలు, సాధనకు ఇవ్వండి. అజాను వేళ, నమాజు వేళ మౌనం అన్న షరతు రాసి సంతకం పెట్టించుకోండి. శబ్దం వీధిలోకి పోకుండా గోడలకు, తలుపుకు దూది పరుపులు కట్టవచ్చును. దూది ఏకడం, పరుపు కుట్టడం మా దూదేకులవారి కులవృత్తి; ఆ పని మేమే వచ్చి ఉచితంగా చేసిపెడతాము. రెండు పరుపులు ఇప్పటికే కుట్టించి మా ఇంట్లో ఉంచాను. ఏ కమిటీవారైనా గది చూపిస్తే మరునాడే ఆటోలో వేసుకొని వస్తాను.